బావిలో వంతు, కంపెనీలో వాటా

బావిలో వంతు అననేమో భువనగిరి ప్రాంతపు రైతులకు నేను వేరుగా చెప్ప నక్కఱలేదు. నలుగురు అన్నదమ్ములు కలసి మోటబావి త్రవ్వించిరనుకొనుడు. నీరు సమృద్ధిగా నున్నంతకాలము వంతుల తగాదా అంతగా రాదు. ఊట తగ్గిననాడు అసలు ప్రశ్న పుట్టును. ఇంకను నాలుగు గజములు లోతు చేయుదమా, మానుదమా? చేసినచో ఎవరెంత పెట్టవలెను? పెట్టలేనివాని వంతు ఏమి కావలెను?

చమురు కంపెనీలలో వాటాలు కొన్నవారికిని ఇవే ప్రశ్నలు ఎదురగును. భూమి అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత, పట్టణమున ఉద్యోగము చేయు కుమారుల ద్వారా, కంపెనీ వాటాలలోనికి పోవుట నేడు మన పల్లెలలో వింతకాదు. వాటాధర పడిపోయినప్పుడు "అమ్మివేయుదము" అని యొకరును, "ఓపికపట్టుదము, మరల లేచును" అని యొకరును ఇంటిలో వాదింతురు. అట్టి వాదములో ఏయే సంగతులు విచారింపవలెనో, మన తెలుగు తీరమున జరిగిన యొక నిజవృత్తాంతమును బట్టి నేడు మనవి చేసెదను.

మొదట, చమురు ఎచ్చట దొరకునో తెలిసికొందము. మన భువనగిరి దుర్గము నిలిచిన కొండ గట్టి శిల. భూగర్భమున కరగిన పదార్థము చల్లారి గట్టిపడుటచే నేర్పడిన ఇట్టి రాతిలో చమురు పుట్టదు. చమురును, దాని తోబుట్టువైన సహజవాయువును, పూర్వము జీవించిన సూక్ష్మజీవుల అవశేషములు ఒండ్రుతో గూడ పొరలు పొరలుగా పూడిపోయి, వేడిమికిని ఒత్తిడికిని లోనగుటవలన పుట్టును. వాడపల్లి యొద్ద మన మూసిని కలుపుకొని పోవు కృష్ణయు, గోదావరియు యుగయుగములుగా ఒండ్రును సముద్రములో చేర్చుచున్నవి. అందువలన ఆ రెండు నదుల ముఖద్వారములయందును, వాని యెదుటి సముద్రగర్భమునందును చమురు, వాయు నిక్షేపములు గలవు.

ఆ సముద్రగర్భమున, కాకినాడ కెదురుగా, ఒక పెద్ద వాయుక్షేత్రము 2002లో బయటపడెను. త్రవ్వకపు హక్కులో నూటికి 90 వంతులు రిలయన్సు కంపెనీవి, 10 వంతులు కెనడా దేశమందలి కాల్గరీ నగరమునకు చెందిన నైకో రిసోర్సెస్ అను కంపెనీవి. రిలయన్సునకు ఇతర వ్యాపారములు పెక్కు గలవు. నైకో వానితో పోల్చిన చిన్నది. ఈ పది వంతులే దానికి ముఖ్యమైన ఆస్తి. కావున తెలుగు సముద్రములోని వాయువు ఎంత వచ్చునన్న ప్రశ్నపై ఎచ్చటనో కెనడాలో వాటాలు కొన్న చిన్న మదుపరుల సొమ్ము ఆధారపడియుండెను.

2009 ఏప్రిలులో వాయువు తీరమునకు చేరెను. గాడిమొగ యొద్ద దానిని శుద్ధిచేసి, తెలంగాణము మీదుగా గుజరాతు వఱకు సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టపుమార్గమున పంపిరి. దినమునకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీయవలెనని ప్రణాళిక. 2010లో ఉత్పత్తి 6 కోట్లను దాటెను. ఆ కాలమున నైకో వాటా ఒక్కింటికి నూరు కెనడా డాలర్ల పరిసరములలో ధర పలికెను.

పిమ్మట ఊట తగ్గసాగెను. బావులలో ఒత్తిడి పడిపోయెను. నీరును ఇసుకయు చొచ్చుకొనివచ్చెను. 2013 చివరకు ఉత్పత్తి దినమునకు ఒకటిన్నర కోటి ఘనపు మీటర్లకు లోబడెను. భూగర్భస్థితి తలచినదానికంటె జటిలముగ నున్నదని కంపెనీ చెప్పెను. ఒప్పుకొన్నన్ని బావులు త్రవ్వలేదని ప్రభుత్వము ఆక్షేపించెను. ఆ వివాదము మధ్యవర్తుల న్యాయపీఠము వఱకు పోయెను. 2006 నాటి ప్రణాళికలో 10 లక్షల కోట్ల ఘనపుటడుగులుగా లెక్కించిన నిలువ, తరువాతి లెక్కలో సుమారు మూడవవంతునకు దిగెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. గాదెలోని ధాన్యమును కొలిచి చెప్పవచ్చును. భూమిలోని వాయువును ఎవరును కొలువలేదు. కొన్నిచోట్ల రంధ్రములు వేసి, తక్కినదానిని ఊహించి చెప్పుదురు. ఇటుప్రక్క బోరులో నీరు పడెనని అటుప్రక్క బోరులోను పడునని ఎవరైన హామీ ఇచ్చిన, మన నల్లగొండ రైతు నమ్మునా? కంపెనీ నివేదికలోని నిలువలెక్కను గూడ అంతటి జాగ్రత్తతోనే చదువవలెను.

ఇట్టి స్థితిలో వాటా ఉంచుకొనవలెనా, అమ్మవలెనా అను చర్చకు రెండు పక్షములును తగిన ఆధారములు గలిగియుండెను.

ఉంచుకొనవలెనను పక్షమునకు బలమిది: 2011లో బ్రిటిషు పెట్రోలియం కంపెనీ, అనగా బీపీ, 720 కోట్ల డాలర్లు చెల్లించి, ఈ క్షేత్రముతోగూడ పెక్కు క్షేత్రములలో నూటికి 30 వంతులు రిలయన్సునొద్ద కొనెను. అంతటి అనుభవశాలి ఊరక సొమ్ము పెట్టదు. ఆ చేరువనే ఇంకను త్రవ్వని నిక్షేపములు గలవు. ప్రభుత్వము నియమించిన వాయుధర అప్పటికి కొలమానము నొకింటికి 4 డాలర్ల 20 సెంట్లు మాత్రమే. 2013 జూనులో కేంద్ర మంత్రివర్గము క్రొత్త ధరసూత్రము నామోదించుటచే, 2014 ఏప్రిలునుండి అది సుమారు రెట్టింపగునని అందఱును ఎదురుచూచుచుండిరి.

అమ్మవలెనను పక్షమునకు బలమిది: ఉన్న బావులు ఎండుచున్నవి. ధర కంపెనీ చేతిలో లేదు, ప్రభుత్వము చేతిలోనున్నది. మీదుమిక్కిలి నైకో ఇండోనేషియా, ట్రినిడాడు దేశముల సముద్రములలో గూడ అన్వేషణకు పూనుకొని ఖర్చులు నెత్తినవేసికొనెను. రాబడి తగ్గి, ఖర్చు పెరిగి, కంపెనీ అప్పులపాలగుచుండెను.

ధర విషయమున అమ్మవలెనన్న పక్షమే నెగ్గెను. ఎన్నికలు వచ్చుటచే 2014 ఏప్రిలు పెంపు నిలిచిపోయెను. అటుపిమ్మట వచ్చిన ప్రభుత్వము వేఱొక సూత్రము నవలంబించి, నవంబరునుండి సుమారు 5 డాలర్లు నిర్ణయించెను. 2015 నాటికి నైకో వాటా ఒక్క డాలరునకు గూడ కొఱగాకుండెను.

ఇక వాయువు విషయమున ఎవరు నెగ్గిరి? ఆశ్చర్యమేమనగా, ఉంచుకొనవలెనన్న పక్షమే నెగ్గెను. లోతైన సముద్రమునుండి తీయు వాయువునకు హెచ్చుధర పొందు వీలును 2016లో ప్రభుత్వము కల్పించెను. పాత బావులు 2020 ఫిబ్రవరిలో పూర్తిగా మూతపడినను, ఆ సంవత్సరము డిసెంబరులోనే చేరువనున్న క్రొత్త నిక్షేపమునుండి వాయువు వచ్చెను. 2021లో మఱియొకటి, 2023లో మూడవది తోడయ్యెను. 2023లో దినమునకు సుమారు 3 కోట్ల ఘనపు మీటర్ల వాయువు అదే క్షేత్రమునుండి వచ్చెను.

ఐనను, ఆ శుభము నైకో వాటాదారుల యింటికి రాలేదు. క్రొత్త బావుల ఖర్చులో భాగస్వాములందఱును తమ తమ వంతులు చెల్లింపవలెను. అప్పులలో మునిగియున్న నైకో 2018లో తన వంతు చెల్లింపలేకపోయెను. చెల్లింపనివాడు హక్కు వదలుకొనవలెనని భాగస్వాముల ఒడంబడిక. వివాదము మధ్యవర్తుల యెదుటికి పోయినను, తుదకు ఆ పది వంతులు తక్కిన ఇరువురకు చెందెను. ఆ మీదట రిలయన్సునకు మూడింట రెండు వంతులు, బీపీకి మూడింట ఒక వంతు నిలిచినవి. బావి బ్రతికెను, లోతు చేయుటకు సొమ్ము పెట్టలేనివాని వంతు పోయెను.

పెద్దలారా, భూమిలో ఎంత యున్నది, ధర ఎంత యగును అను రెండు ప్రశ్నలను జనులు హుషారుగా చర్చింతురు. కంపెనీ అప్పెంత, ఎన్నాళ్లు తాళగలదు అను మూడవ ప్రశ్న చప్పగా నుండుటచే వెనుకబడును. కళ్లములో ధాన్యము రాశి పోసిననాడు ముందుగా అప్పు ఇచ్చినవాడే వచ్చి నిలుచును గదా! కంపెనీలోను అంతే. అప్పిచ్చినవారికి ముట్టిన తరువాత మిగిలినదే వాటాదారునిది. మిగులకున్న అడుగుటకు హక్కు లేదు. ఒక్క మేలు మాత్రము గలదు: పూర్తిగా సొమ్ము చెల్లించి కొన్న వాటాకు, కంపెనీ అప్పులకై మీ పొలముమీదికి ఎవరును రారు. పోవునది మీరు పెట్టినంతయే.

కావున, చమురు కంపెనీ వాటాను గూర్చి ఇంటిలో వాదము వచ్చిననాడు కుమారుని ఈ సంగతులు అడుగుడు. ఈ కంపెనీకి ఎన్ని బావులున్నవి, ఒక్కటేనా? తీసిన సరకునకు ధర నియమించువారెవరు? అప్పు ఎంత, ఎప్పుడు తీర్చవలెను? రాబోవు రెండు మూడేండ్లలో తన వంతు ఖర్చు ఏ సొమ్ములోనుండి పెట్టును? మొదటి రెండింటికి జవాబులు ఎంత బాగుండినను, తక్కిన రెండింటికి జవాబు లేకున్న, "మరల లేచును" అను మాటపై విత్తనముల సొమ్మును, పిల్ల పెండ్లి సొమ్మును ఉంచరాదు. పోయినను కుటుంబము నిలువగలిగినంత సొమ్మే అందు పెట్టుట క్షేమము. మీ బావిలో వంతు విషయమున మీరు చూపు జాగ్రత్తయే దీనికిని చాలును.