గ్రహణికి మజ్జిగ ఎంతవరకు మందు?

పెద్దముడియం వైపు సంఘాలకు వెళ్లినప్పుడు కొందరు సభ్యులు మాతో చెప్పుకునే బాధ ఒకటుంది. అన్నం తినీ తినకముందే కడుపులో నొప్పి, చెంబు పట్టుకొని పరుగు. నాలుగు రోజులు విరేచనాలు, నాలుగు రోజులు మలబద్ధకం. పరీక్షలు చేయిస్తే ఏ దోషమూ కనిపించదు. "ఏమీ లేదంటారు, నొప్పి మాత్రం ఉంది" అని వాపోతారు.

ఆ నొప్పి నిజమైనదే. పేగులో పుండు లేకపోయినా దాని కదలిక అదుపు తప్పుతుంది. చిన్న ఒత్తిడి కూడా నొప్పిగా తోస్తుంది. మనోవ్యథ దీన్ని పెంచుతుంది. డాక్టర్లు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు. ఆయుర్వేదం చెప్పే గ్రహణి లక్షణాలు దీనికి చాలా దగ్గర, అయినా రెండూ అచ్చంగా ఒకటే అనలేం.

చరక సంహిత చికిత్సాస్థానంలో 15వ అధ్యాయం గ్రహణి గురించే. మజ్జిగ తేలికగా అరుగుతుందనీ, ఆకలి పుట్టిస్తుందనీ, మలాన్ని కట్టుతుందనీ అందులో మెచ్చుకున్నారు. పాలు తోడుకున్నప్పుడు పాలలోని చక్కెర కొంత పులుపుగా మారుతుంది. అందుకే పాలు పడని కొందరికి మజ్జిగ పడుతుంది. పాలు తాగగానే కడుపు ఉబ్బేవారు కొన్నాళ్లు మాని చూడాలి. పాల సంఘం పత్రికలో ఈ మాటేమిటని అనుకోవద్దు, పడనిది పడదు.

కాచిన పాలను తోడువేసి, బాగా చిలికి, వెన్నంతా తీసి, కాచి చల్లార్చిన నీళ్లు కలపండి. వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు శొంఠి, ఉప్పు వేసుకోండి. బాగా పులిసిన నిలవ మజ్జిగ వద్దు. ఇందుకోసం సంఘానికి పోసే పాలలో చెంబెడు ఇంటికి అట్టిపెట్టుకుంటే మాకేమీ అభ్యంతరం లేదు. మన నల్లరేగడి శనగలూ కొందరికి వాయువు చేస్తాయి; వారం రోజులు మాని తేడా గమనించండి.

విరేచనాలు ఎక్కువైనవారికి వైద్యులు లేత మారేడుకాయ గుజ్జు పొడి, కొడిసెపాల చెక్క ఇస్తారు. మలబద్ధకం ఉన్నవారు వీటిని సొంతంగా వాడితే ఇంకా బిగుస్తుంది. ఇసబ్గోల్ పొట్టు ఇద్దరికీ పనికొస్తుంది, నేటి డాక్టర్లూ రాస్తారు; నీళ్లు మాత్రం దండిగా తాగాలి. సంతలో పేరూ ఊరూ లేని భస్మాలు కొనవద్దు. అలాంటి కొన్నింటిలో సీసం, పాదరసం బయటపడ్డాయి.

మలంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం, నిద్రలో లేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన బాధ - వీటిలో ఏది ఉన్నా మజ్జిగతో కాలయాపన చేయక వెంటనే ప్రొద్దుటూరు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.