వెనుక ఎవరున్నారు? - కారుకు ఇంటి దగ్గరే రివర్స్ కెమెరా బిగించుకునే పద్ధతి

రెండేళ్ల క్రితం ఒక సోమవారం ఉదయం బడికి ఆలస్యమవుతోందని తొందరగా కారెక్కాను. కోరుట్లలో మా గల్లీ ఇరుకు. ఇంటి ముందు నుంచి రోడ్డు దాకా కారును వెనక్కే తీసుకుపోవాలి. మూడు అద్దాలూ చూశాను, ఎవరూ కనబడలేదు. రివర్స్ గేరు వేసి క్లచ్ వదులుతుండగా, ఎదురింటి గడపలో బీడీలు చుడుతున్న ఆమె చేతిలోని చేట పక్కన పడేసి లేచి అరిచింది: "సార్, ఆపుండ్రి! ఎనుక పోరడున్నడు!"

బ్రేకు తొక్కి దిగి చూశాను. పక్కింటి మూడేళ్ల బాబు బంపరుకు జానెడు దూరంలో కూర్చుని, కారు కిందికి దొర్లిన గోలీ కోసం చెయ్యి చాపుతున్నాడు. వాడు నన్ను చూసి నవ్వాడు. నాకు మాత్రం కాళ్లు వణికాయి. ఆ రోజు కారు అక్కడే వదిలి బడికి నడిచే వెళ్లాను.

ఈ వ్యాసం చదివే పెద్దల్లో చాలామంది ఇళ్ల ముందు కారు ఉంటుంది. ఆ కారు వెనుక ఏదో ఒక సమయంలో ఒక పిల్లవాడు కూడా ఉంటాడు. అందుకే నేను నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాను.

అద్దాల్లో ఎందుకు కనబడలేదు?

ఆ సాయంత్రం ఒక చిన్న ప్రయోగం చేశాను. కూర్చున్న మూడేళ్ల పిల్లవాడి ఎత్తు సుమారు రెండడుగులు. అంత ఎత్తున్న నీళ్ల డ్రమ్మును కారు వెనుక పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాను. మా అల్లుడు ఒక్కో అడుగు చొప్పున డ్రమ్మును వెనక్కి జరిపాడు. లోపలి అద్దంలో దాని పైఅంచు నాకు కనబడేసరికి అది పన్నెండు అడుగులు దాటింది. అంటే బంపరు నుంచి పన్నెండు అడుగుల దాకా పిల్లలంతా వరుసగా కూర్చున్నా నాకు ఒక్కరూ కనబడరన్న మాట. మీ కారుకు ఈ కొలత వేరుగా ఉంటుంది. ఎత్తయిన బండ్లకు ఇంకా ఎక్కువే ఉంటుంది. ఒకసారి మీరూ కొలిచి చూడండి, పది నిమిషాల పని.

ఇది మన గల్లీల సమస్య మాత్రమే కాదు. అమెరికాలో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో 2002లో కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ల బాబు తన ఇంటి ముందే, తన తండ్రి వెనక్కి తీస్తున్న బండి కింద పడి చనిపోయాడు. ఆ తండ్రి పిల్లల డాక్టరు. ఆ బాబు పేరు మీద 2008లో అక్కడ చట్టం వచ్చింది. 2018 మే 1 నుంచి తయారై అమెరికాలో అమ్ముడయ్యే ప్రతి కొత్త కారుకూ వెనుక కెమెరా తప్పనిసరి అయింది. ఆ నిబంధన తెచ్చినప్పుడు అక్కడి ప్రభుత్వ సంస్థ వేసిన లెక్క ప్రకారం, వెనక్కి వచ్చే బండ్ల కింద పడి ఏటా సుమారు 210 మంది చనిపోతున్నారు. వారిలో 31 శాతం అయిదేళ్ల లోపు పిల్లలే.

మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారైన కార్లకు వెనుక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి. కెమెరా మాత్రం తప్పనిసరి కాదు. సెన్సారు బీప్ మంటుంది గాని, వెనుక ఉన్నది గోడా, గేదె దూడా, పిల్లవాడా అన్నది చెప్పదు. అంతకు ముందు కొన్న కార్లలో చాలావాటికి ఆ బీప్ కూడా లేదు. మన దగ్గర అలాంటి బండ్లు ఇంకా ఎన్నో తిరుగుతున్నాయి.

నేను ఎందుకు స్వయంగా బిగించుకున్నాను?

మొదట నేనూ ఒక షాపులోనే కెమెరా పెట్టించాను. అరగంటలో బిగించి ఇచ్చారు. నాలుగు నెలలు బాగానే పనిచేసింది. మొదటి వానలకే తెర నల్లబడింది. డిక్కీ లోపలి అట్ట విప్పి చూస్తే, రెండు వైర్లను వేళ్లతో మెలిపెట్టి పైన టేపు చుట్టి వదిలేశారు. నీళ్లు దిగి రాగి తీగ పచ్చగా చిలుము పట్టింది. సిరిసిల్లలో మరమగ్గం మీద పోగు తెగితే నేత కార్మికుడు వేసే ముడి చూడండి. అది వదులైతే గుడ్డలో లోపం వెంటనే బయటపడుతుంది. వైరు అతుకు కూడా అంతే. అయితే దాని లోపం బయటపడేది వాన రోజున, మీకు కెమెరా అవసరమైన క్షణంలో. అందుకే ఒక ఆదివారం ఎలక్ట్రీషియన్ పనిచేస్తున్న మా పాత విద్యార్థిని పిలిచి, అతను చెబుతుంటే నేనే మళ్లీ బిగించాను. మూడున్నర గంటలు పట్టింది.

ఏమేం కావాలి?

ఒక కెమెరా. నీళ్లు దిగనిది, అంటే పెట్టె మీద ఐపీ 67 లేదా ఐపీ 68 అని రాసి ఉన్నది తీసుకోండి. బొమ్మ చూపడానికి తెర కావాలి. కారులో తెర ఉన్న స్టీరియో ఉంటే అదే చాలు, లేకపోతే లోపలి అద్దం మీద తగిలించే చిన్న తెరలు దొరుకుతాయి. కెమెరా నుంచి తెర దాకా పసుపు రంగు ప్లగ్గులున్న పొడవైన కేబుల్ కావాలి. చిన్న కార్లకు ఆరు మీటర్లు సరిపోతుంది. వీటితో పాటు టెస్ట్ ల్యాంపు లేదా మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, వేడి చేస్తే బిగుసుకునే రబ్బరు స్లీవులు, చిన్న ఫ్యూజు, కేబుల్ టైలు, అట్టలు విప్పడానికి ప్లాస్టిక్ పట్టీలు దగ్గర పెట్టుకోండి. వైరు లేని కెమెరాలు కూడా ఉన్నాయి గాని వాటిలో బొమ్మ ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది, వణుకుతుంది. వెనుక పిల్లవాడు ఉన్నప్పుడు ఒక్క క్షణం ఆలస్యం కూడా ఎక్కువే. అందుకే నేను వైరుదే ఎంచుకున్నాను.

కారు ఇంకా వారంటీలో ఉంటే వైరు కోయకముందు కొన్నచోట అడగండి. నంబరు ప్లేటు సంగతి కూడా గుర్తుంచుకోండి. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకు వచ్చే హై సెక్యూరిటీ ప్లేట్లను విప్పడానికి వీలుండదు, విప్పకూడదు కూడా. కాబట్టి ప్లేటు లైటు పక్కన గాని, డిక్కీ పిడి కింద గాని అతికే కెమెరా తీసుకోండి. అది నంబరులో ఒక్క అంకెను కూడా కప్పకూడదు.

బిగించే క్రమం

కారును చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనుకా ఇటుకలు పెట్టండి. పిల్లల్ని లోపలికి పంపండి.

మొదటి పని రివర్స్ లైటు వైరును గుర్తించడం. ఇంజను స్టార్టు చేయకుండా తాళంచెవిని 'ఆన్' వరకే తిప్పి, రివర్స్ గేరు వేయండి. డిక్కీలో రివర్స్ లైటు వెనకాల ఉన్న వైర్లను టెస్ట్ ల్యాంపుతో చూడండి. గేరు వేసినప్పుడు మాత్రమే వెలిగించే వైరే మనకు కావలసిన ప్లస్. వైరు రంగును నమ్మకండి, అది కంపెనీని బట్టి మారుతుంది. వైరు దొరికాక తాళంచెవి తీసేసి బ్యాటరీ మైనస్ తీగను విప్పండి. కొన్ని స్టీరియోలకు బ్యాటరీ తిరిగి కలిపినప్పుడు కోడ్ కావాలి, ఆ కోడ్ ముందే వెతికి పెట్టుకోండి.

ఇక వైర్ల లెక్క. కెమెరా నుంచి వచ్చే ఎర్ర వైరు మధ్యలో ఫ్యూజుతో రివర్స్ లైటు ప్లస్‌కు, నల్ల వైరు రంగు గీకిన బాడీ ఇనుముకు వెళ్లాలి. పసుపు ప్లగ్గు పొడవైన కేబుల్‌కు, ఆ కేబుల్ రెండో చివర స్టీరియో వెనుక 'కెమెరా' అని రాసి ఉన్న సాకెట్‌కు వెళ్లాలి. చాలామంది మరిచిపోయేది ఒకటుంది. పొడవైన కేబుల్ రెండు చివర్లలోనూ సన్నని ఎర్ర తీగ ఒకటి బయటికి వస్తుంది. వెనుక చివర అది కూడా రివర్స్ లైటు ప్లస్‌కు, ముందు చివర స్టీరియోలో 'రివర్స్' లేదా 'బ్యాక్' అని రాసిన వైరుకు కలవాలి. గేరు పడిందని స్టీరియోకు చెప్పే కబురు ఈ తీగే తీసుకుపోతుంది. ఇది కలపకపోతే కెమెరా పనిచేస్తున్నా తెర దానంతటది మారదు.

డిక్కీ తలుపు నుంచి కారు బాడీకి కేబుల్ పంపేటప్పుడు, అక్కడ ఇప్పటికే ఉన్న రబ్బరు గొట్టంలోంచే పంపండి. బయట నుంచి తీస్తే తలుపు మూసిన ప్రతిసారీ నలిగి తెగుతుంది. అక్కడి నుంచి తలుపుల కింది ప్లాస్టిక్ పట్టీల లోపలగా ముందుకు తీసుకురండి. పై కప్పు వెంట, స్తంభాల వెంట పోనివ్వకండి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న కార్లలో అవి అక్కడే దాగి ఉంటాయి. పసుపు రంగు చుట్టిన వైర్లు, పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి. వాటిని ముట్టుకోవద్దు.

ప్రతి అతుకునూ సోల్డర్ చేసి, పైన స్లీవు తొడిగి వేడి చేయండి. అతుకు దగ్గర వైరు కొంచెం కిందికి వేలాడేలా వదలండి. నీటి చుక్క అతుకు వైపు పాకకుండా ఆ వంపు నుంచి కిందికి రాలిపోతుంది. నా మొదటి కెమెరాకు లేనిది ఈ రెండు జాగ్రత్తలే.

కొన్ని కొత్త కార్లలో రివర్స్ లైటుకు కరెంటు ఏకధారగా కాక, కళ్లు గుర్తించనంత వేగంగా ఆగి ఆగి వస్తుంది. అప్పుడు బొమ్మ మినుకుమంటుంది. మధ్యలో ఫిల్టరు గాని రిలే గాని పెడితే సరిపోతుంది. ఆ పని మాత్రం తెలిసినవాళ్ల చేత చేయించండి.

బిగించాక పరీక్ష

అట్టలన్నీ తిరిగి మూయకముందే పరీక్షించండి. కారు వెనుక కుడివైపున ఒక బకెట్ పెట్టండి. తెరలో అది కుడివైపే కనబడాలి. ఎడమవైపు కనబడితే బొమ్మ తిరగబడి ఉందన్న మాట. చాలా కెమెరాల్లో దీన్ని మార్చడానికి చిన్న తీగ ఉచ్చు ఒకటి ఉంటుంది. పెట్టెలోని కాగితం చదివి ఏది కోయాలో తెలుసుకున్నాకే కోయండి.

తర్వాత బంపరు నుంచి మూడు, ఆరు, తొమ్మిది అడుగుల దూరంలో ఒక్కో ఇటుక పెట్టి, తెర మీది రంగు గీతల్లో అవి ఎక్కడ పడుతున్నాయో చూసి గుర్తుంచుకోండి. గీతలు కంపెనీ గీసినవి, మీ కారును కొలిచి గీసినవి కావు. పైగా ఈ కెమెరాల కటకం వెడల్పుగా చూస్తుంది కాబట్టి, దగ్గరున్నది దూరంగా ఉన్నట్టు కనబడుతుంది. చివరగా రాత్రిపూట ఒకసారి, నీళ్లు చల్లి ఒకసారి చూడండి.

కెమెరా చేయలేనిది

ఇంత చెప్పాక అసలు మాట చెప్పాలి. కెమెరా ఉన్న కార్లను, లేని కార్లను పోల్చి అమెరికాలోని రహదారి భద్రతా బీమా సంస్థ ఒక అధ్యయనం చేసింది. వెనక్కి వచ్చేటప్పుడు జరిగే ప్రమాదాలు కెమెరా వల్ల సుమారు 17 శాతం తగ్గాయని తేలింది. అది చిన్న మేలు కాదు. కానీ మిగతా ప్రమాదాలు అలాగే ఉన్నాయి. కటకం మీద బురద పడితే అది గుడ్డిదే. ఎండ సూటిగా పడితే తెర తెల్లబోతుంది. పక్క నుంచి పరుగెత్తుకొచ్చే పిల్లవాడు చట్రంలోకి వచ్చేసరికి ఆలస్యం కావచ్చు. డ్రైవరు తెర చూడకపోతే కెమెరా ఉండీ లాభం లేదు.

సిరిసిల్లలో మగ్గాలు నడిచే వీధిలో మన ఇంజను చప్పుడు పిల్లవాడికి వినబడదు, వాళ్లమ్మ కేక మనకు వినబడదు. జగిత్యాలలో ఫంక్షన్ హాలు ముందు పెళ్లి భోజనాలయ్యాక కార్లన్నీ ఒకేసారి వెనక్కి కదులుతాయి, పిల్లలంతా ఆ కార్ల మధ్యే ఆడుకుంటుంటారు. అలాంటి చోట్ల కెమెరా కంటే ముందు కాళ్లే పనిచేయాలి. కారు చుట్టూ ఒకసారి నడిచి, వంగి కిందికి చూసి, అప్పుడు ఎక్కండి. దానికి పట్టేది అర నిమిషం. పెద్దవాళ్లెవరైనా ఉంటే పిల్లల చెయ్యి పట్టుకుని పక్కన నిలబడమనండి.

పిల్లల్ని తీసుకుపోయే వ్యాను గాని, అంబులెన్సు గాని ఎవరైనా విరాళంగా ఇచ్చేటప్పుడు, దానితో పాటు ఒక కెమెరా కూడా సరిగ్గా బిగించి ఇవ్వమని నా మనవి. బండి ఖరీదులో అది లెక్కలోకి కూడా రాదు.

మా పక్కింటి బాబు ఇప్పుడు బడికి వస్తున్నాడు. నేను ఉదయం కారు చుట్టూ నడుస్తుంటే వాడూ నా వెంట నడిచి, వంగి చక్రాల కిందికి చూసి, "ఎవ్వల్లేరు సార్, పోండ్రి" అని చెబుతాడు. వాడి చెయ్యి వాళ్లమ్మ పట్టుకున్నాకే నేను రివర్స్ గేరు వేస్తాను. తెర ఆ తర్వాతే చూస్తాను.