పెగ్ ట్యూబ్

అన్నం తింటూ పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ నెత్తిన తట్టడం తెలుగిళ్లలో మామూలే. సెరిబ్రల్ పాల్సీ వంటి నాడీ సమస్యలున్న పిల్లల్లో మాత్రం అది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. నోటి, గొంతు కండరాలపై మెదడుకు పట్టు చాలక పాలు, మెతుకులు శ్వాసనాళంలోకి జారతాయి. కొందరికి దగ్గు కూడా రాదు. మళ్లీ మళ్లీ వచ్చే న్యుమోనియాతోనే విషయం బయటపడుతుంది.

ఇలాంటి పిల్లలకు ఆసరా పెగ్ ట్యూబ్. పొట్ట మీద చిన్న రంధ్రం చేసి, ఎండోస్కోప్ సాయంతో నేరుగా జీర్ణాశయంలోకి అమర్చే గొట్టమిది. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పిల్లల సర్జన్ మైకేల్ గాడరర్, ఎండోస్కోపీ నిపుణుడు జెఫ్రీ పాన్‌స్కీ తొలిసారి ఓ పసిబిడ్డకు అమర్చారు. దాంతో పొట్టను పెద్దగా కోయాల్సిన పని తప్పింది. పక్షవాతం వచ్చిన పెద్దలకు వాడటం ఆ తర్వాతి మాట.

ముక్కు ద్వారా జీర్ణాశయంలోకి వేసే గొట్టం కూడా ఉంది, కానీ అది కొన్ని వారాలకే. దీర్ఘకాలం అవసరమైతే పొట్ట గొట్టమే మేలని యూరప్ శిశు జీర్ణకోశ వైద్యుల సంఘం 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

గొట్టం పెడితే బిడ్డ ఇక నోటితో తినదేమోనని తల్లుల బెంగ. అది పూర్తిగా నిజం కాదు. మింగడం సురక్షితమని వైద్యులు తేల్చినంత మేర రుచులు చూపించవచ్చు. అలాగని ఇది సర్వరోగ నివారిణీ కాదు. రంధ్రం చుట్టూ ఇన్ఫెక్షన్ రావచ్చు. నడవలేని పిల్లలకు కేలరీలు తక్కువే చాలు. ఎక్కువ పోస్తే ఒళ్లు పెరుగుతుంది.

పూటపూటా తినిపించడానికి అరగంట దాటుతున్నా, బరువు పెరగకున్నా, తరచూ ఛాతీ ఇన్ఫెక్షన్లు వస్తున్నా ఆలస్యం చేయక పిల్లల వైద్యుడికి చూపించండి.