కారుకు ఖరీదైన ఆయిలు... నిజంగా అవసరమా?

2024 మే నెలలో మా చిన్న కారుని సర్వీసుకి ఇచ్చాను. విజయవాడ ఎండలు సంగతి తెలిసిందేగా, నేను అప్పటికే సగం ఆవిరైపోయి ఉన్నాను. కౌంటర్లో కుర్రాడు ఖర్చు అంచనా వేస్తూ, "ఈసారి ఫుల్లీ సింథటిక్ ఆయిల్ వేయించేయండి మేడమ్, ఇంజిన్ వెన్నలా తిరుగుతుంది" అన్నాడు. మామూలు ఆయిలైతే లీటరు 420 రూపాయలు. అతను చెప్పేది 950. మా కారుకి పట్టేది మూడు లీటర్లు. అంటే తేడా 1590 రూపాయలు! ఇది చాలదన్నట్టు ఇంజిన్ ఫ్లష్ అని ఒకటి, ఇంజిన్ కోటింగ్ అని ఇంకొకటి.

నేను ఆలోచనలో పడేసరికి, "పోనీ సార్‌ని ఒకసారి అడిగి చెప్పండి మేడమ్" అన్నాడు.

నాకు చుర్రుమంది. కారు నాది, నడిపేది నేను, బిల్లు కట్టేది నేను. మావారికి డ్రైవింగే రాదు! ఆ ఉక్రోషంలో "అక్కర్లేదు, అన్నీ వేసెయ్యండి" అనేశాను. పౌరుషానికి పోయి దాదాపు మూడున్నర వేలు అదనంగా వదిలించుకున్నానన్నమాట. మీలో ఎవరికీ ఇలాంటి అనుభవం లేదంటే నేను నమ్మను.

ఆ రోజు అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఆ ఆయిలు నా కారుకి అవసరమా? ఆ ప్రశ్న నాకు తట్టడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అదీ మా వదిన పుణ్యమా అని.

వదినది తెనాలి. మంగళగిరి నుంచి చీరలు తెచ్చి ఇంటి దగ్గరే అమ్ముతుంది. వారానికి మూడుసార్లు వెళ్లొస్తుంది, మధ్యలో గుంటూరు, బాపట్ల. కారు ఆవిడకి షోకు కాదు, ఉపాధి. నెలకి పధ్నాలుగు వందల కిలోమీటర్లకు తక్కువ తిరగదు. ఆవిడ కూడా అంతకు ముందు ఏడాది ఖరీదైన సింథటిక్ ఆయిలే పోయించింది. "ఇది పోశాక ఇరవై వేల కిలోమీటర్ల దాకా చూసుకోనక్కర్లేదు" అని ఎవరో చెప్పారట. ఆవిడ అక్షరాలా అలాగే చేసింది. పధ్నాలుగు నెలలు బానెట్ ఎత్తలేదు.

సెప్టెంబరులో ఒకరోజు వెనక సీటు నిండా చీరల మూటలతో తిరిగొస్తుంటే, ఎదురుగా మీటర్ల దగ్గర కొమ్ముచెంబు లాంటి బొమ్మ ఎర్రగా వెలిగింది. 'మంచి ఆయిలే కదా పోయించాను, ఇంకో పది కిలోమీటర్లేగా' అనుకుని పోనిచ్చింది. ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా కటకటమని శబ్దం చేసి ఇంజిన్ ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు.

బండిని లారీ మీద ఎక్కించి విజయవాడ ఆటోనగర్‌కి తెచ్చారు. ఊళ్లో ఉన్నదాన్ని కాబట్టి నేనూ వెళ్లాను. మెకానిక్ పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, డిప్‌స్టిక్ బయటికి లాగి మాకు చూపించాడు. చివరన కాస్త నల్ల మరక తప్ప ఏమీ లేదు. "ఇందులో బంగారం కరిగించి పోసినా ఇంతేనమ్మా. ఉండాల్సినంత లేదు" అన్నాడు. ఏదో సీలు దగ్గర కొద్దికొద్దిగా కారుతోందట. కొంత ఇంజిన్‌లోనే కాలిపోయింది. వదిన మొహం చూడలేకపోయాను. దసరా అమ్మకాల ముందు కారు నెలరోజులు మూలపడింది. క్రాంకు, బేరింగులు, పిస్టన్లు, కూలీ అన్నీ కలిపి 62 వేలు. ఆ సీజన్‌కి పెట్టుబడిగా దాచుకున్న డబ్బే అది.

ఆ నెలలో ఆటోనగర్‌కి నాలుగైదు సార్లు తిరిగాను. పెద్దాయనకి ఓపిక ఎక్కువ. నా ప్రశ్నలన్నిటికీ చెయ్యి తుడుచుకుంటూ జవాబు చెప్పాడు. ఇంటికొచ్చి మిగతాది నేను చదువుకున్నాను.

ఇంజిన్ ఆయిలు చేసే పని రాపిడి తగ్గించడం ఒక్కటే కాదు. వేడిని మోసుకుపోతుంది, మసినీ మడ్డినీ తనలో కలుపుకుని లోపల శుభ్రంగా ఉంచుతుంది, తుప్పు పట్టనివ్వదు. అందుకే నల్లబడుతుంది. నల్లబడిందంటే పాడైపోయిందని కాదు. డీజిల్ బండిలో అయితే కొత్త ఆయిలు కొద్ది రోజుల్లోనే నల్లగా అవుతుంది. అదే ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే మాత్రం నీళ్లు కలుస్తున్నాయని అనుమానించాలి.

ఇక డబ్బా మీద 5డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 అని అంకెలుంటాయి చూశారా? అది ధరకన్నా ముఖ్యం. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. ముందున్న అంకె ఎంత చిన్నదైతే అంత చలిలోనూ ఆయిలు గడ్డకట్టకుండా పారుతుందని అర్థం. 5డబ్ల్యూ ఆయిల్ని మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర. వెనక అంకె, ఇంజిన్ బాగా వేడెక్కాక, అంటే వంద డిగ్రీల దగ్గర, ఆయిలు ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. చలికాలం పొద్దున్నే నెయ్యి గిన్నెలో పేరుకుంటుంది, పక్కనే నువ్వులనూనె మాత్రం జారుతూనే ఉంటుంది. మామూలు ఆయిలుకీ సింథటిక్‌కీ గడ్డచలిలో ఉండే తేడా అలాంటిదే. కానీ మన విజయవాడలో మైనస్ ముప్ఫై ఎక్కడిదండీ! ఆదిలాబాదులో గజగజలాడే చలి అన్నా అయిదారు డిగ్రీలేగా. సింథటిక్‌కి ఉన్న గొప్ప సుగుణాల్లో ఒకటి మన ఊళ్లలో పెద్దగా ఉపయోగపడదన్నమాట. రెండో సుగుణం వేడికి త్వరగా విరిగిపోకపోవడం. ఇది మన ఎండలకీ, ఏసీ వేసుకుని బెంజి సర్కిల్ దగ్గర ఆగిపోయే ట్రాఫిక్‌కీ పనికొచ్చేదే.

సింథటిక్ అన్న మాట మీద అమెరికాలో పెద్ద రగడే జరిగింది. పూర్తిగా రసాయనికంగా తయారుచేసినదే సింథటిక్ అని మొబిల్ కంపెనీ, ముడిచమురునే బాగా శుద్ధిచేసి మార్చినదీ సింథటిక్కేనని క్యాస్ట్రాల్ కంపెనీ వాదించాయి. ప్రకటనల మీద ఫిర్యాదులు వినే అక్కడి సంస్థ 1999లో క్యాస్ట్రాల్ వైపే తీర్పు చెప్పింది. కాబట్టి డబ్బా మీద ఆ మాట ఉన్నంత మాత్రాన లోపల ఉన్నదంతా ఒకే రకమని అనుకోవడానికి లేదు.

మరి ఎవరైనా పోల్చి చూశారా అంటే, చూశారు. కన్జ్యూమర్ రిపోర్ట్స్ అనే అమెరికా పత్రిక న్యూయార్క్ నగరంలో 75 టాక్సీల మీద రకరకాల ఆయిళ్లు వాడించి, ఒక్కొక్కటి 60 వేల మైళ్లు, అంటే సుమారు 96 వేల కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్లు విప్పి చూసింది. 1996లో ఫలితాలు అచ్చేసింది. అరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మూడువేల మైళ్లకి ఆయిలు మార్చినవీ, ఆరువేలకి మార్చినవీ ఒకేలా ఉన్నాయి. అయితే టాక్సీ రోజంతా తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ చల్లారదు. మన కార్లు అలా కాదు. ఇంకోవైపు, ఆ దేశంలోనే వాహనదారుల సంఘం ఏఏఏ 2017లో ప్రయోగశాల పరీక్షలు చేయించి, సింథటిక్ సగటున 47 శాతం మెరుగ్గా ఉందని తేల్చింది. రెండూ నిజమే. ఆయిలు మెరుగైనదే. కానీ ఆయిలు 47 శాతం మెరుగైతే ఇంజిన్ 47 శాతం ఎక్కువ కాలం బతుకుతుందని కాదు కదా!

ఆ రోజు నేను వేయించిన ఇంజిన్ కోటింగ్ సంగతి కూడా చెప్పాలి. ఆయిల్లో కలిపే ఇలాంటి సరుకే ఒకటి స్లిక్ 50 పేరుతో అమెరికాలో తెగ అమ్ముడుపోయేది. అరుగుదలను తగ్గిస్తుందన్న ప్రకటనలకు తగిన ఆధారాలు లేవని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 1997లో కంపెనీ రాజీకొచ్చి, ఆధారం లేకుండా అలాంటి మాటలు చెప్పబోమని ఒప్పుకుంది. నాకు ఈ ముక్క ముందే తెలిసుంటే!

ఇప్పుడు నా లెక్క చూడండి. నేను ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి తిరుగుతాను. ఏడాదికి అయిదు వేల కిలోమీటర్లు. మా కారు పుస్తకంలో పదివేల కిలోమీటర్లు లేక ఒక సంవత్సరం, ఏది ముందొస్తే అప్పుడు ఆయిలు మార్చాలని ఉంది. నాకెప్పుడూ సంవత్సరమే ముందొస్తుంది. అంటే ఎక్కువ దూరం మన్నే ఆయిలు కొని, సగంలోనే పారబోస్తున్నాను. 1590 రూపాయల్ని అయిదువేలతో భాగిస్తే కిలోమీటరుకి సుమారు 32 పైసలు దండగ. 'తక్కువేగా తిరిగింది, వచ్చే ఏడాది మారుద్దాం' అనుకోవడమూ తప్పేనట. వేడి అన్నం మీద మూత పెడితే లోపలివైపు నీళ్లు పట్టినట్టు, చల్లారిన ఇంజిన్‌లోనూ చెమ్మ చేరుతుంది. రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే అది ఆవిరైపోయేంత వేడి పుట్టదు. ఆ చెమ్మ, కాలని పెట్రోలు కలిసి ఆయిల్ని పాడుచేస్తాయి. నాలాంటి వాళ్లకి ఆయిలు ధరకన్నా, వేళకి మార్చడమే ముఖ్యం.

అలాగని అందరికీ నా లెక్కే పెట్టకండి. టర్బో పెట్రోలు కార్లకి మంచి ఆయిలు తప్పదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. వాటికి బూడిద తక్కువ వచ్చే ప్రత్యేకమైన ఆయిలే పోయాలి. చౌకగా వస్తుందని వేరేది పోస్తే ఆ ఫిల్టర్ పూడుకుపోయి, మిగిలిన డబ్బుకి ఎన్నోరెట్లు వదులుతుంది. ఇప్పటి కొన్ని కార్లకి 0డబ్ల్యూ-20 వాడమని రాస్తున్నారు. అది దాదాపుగా సింథటిక్కే దొరుకుతుంది, బేరమాడేదేమీ లేదు. వదినలా నెలంతా హైవే మీద బరువుతో తిరిగేవాళ్లకీ మంచి ఆయిలు దండగ కాదన్నాడు పెద్దాయన. చిత్రం చూడండి, అవసరం లేని నేను మంచి ఆయిలు పోయించి మురిసిపోయాను, అవసరమున్న వదిన పోయించీ ఇంజిన్ పోగొట్టుకుంది.

కాబట్టి కారుతో ఇచ్చిన పుస్తకం అటక మీద ఉంటే దింపండి. అందులో గ్రేడు అంకెలు, ఏపీఐ అక్షరాలు ఉంటాయి. ఎస్‌తో మొదలైతే పెట్రోలు, సీతో మొదలైతే డీజిల్. పెట్రోలుకి 2010లో ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ వచ్చాయి. పుస్తకంలో ఉన్నదిగానీ, దాని తర్వాత వచ్చినదిగానీ ఉంటే చాలు, అది 420దా 950దా అన్నది తర్వాతి మాట. అంకెలు కుదరని ఖరీదైన ఆయిలు కన్నా అంకెలు కుదిరిన మామూలు ఆయిలే నయం. పాత బళ్లకి పోసే చిక్కటి 20డబ్ల్యూ-40ని కొత్త ఇంజిన్లో పోస్తే పెట్రోలూ ఎక్కువ తాగుతుంది.

నకిలీల బెడద ఇంకొకటి. ఖాళీ డబ్బాలు సేకరించి, వాటిలో నాసిరకం నింపి మూత బిగించి అమ్ముతారు. అసలు మోసం ఖరీదైన పేర్ల మీదే ఎక్కువ గిట్టుబాటు కదా! అందుకే సీలు మన కళ్లముందే తీయమనాలి. ఖాళీ డబ్బా మనం తీసుకుని కత్తితో కోసెయ్యాలి.

పెద్దాయన నాకూ వదినకీ డిప్‌స్టిక్ చూడటం నేర్పాడు. రెండు నిమిషాల పని. పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకముందు, కారు చదునైన చోట ఉండాలి. డిప్‌స్టిక్ లాగి శుభ్రమైన గుడ్డతో తుడవాలి. మళ్లీ పూర్తిగా లోపలికి దించి, తీసి చూడాలి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకి దిగితే అదే గ్రేడు ఆయిలు కొంచెం కొంచెంగా పోసుకోవాలి. పై గీత దాటితే అదీ ప్రమాదమే. ఇక ఆ కొమ్ముచెంబు దీపం ఎర్రగా వెలిగిందంటే ఇంటికి ఎంత దూరమనేది చూడొద్దు. పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యాలి.

2025 మేలో మళ్లీ సర్వీసుకి వెళ్లాను. కౌంటర్లో అదే కుర్రాడు. ఫుల్లీ సింథటిక్ అనబోతుంటే పుస్తకం తెరిచి ముందు పెట్టాను. "5డబ్ల్యూ-30, కంపెనీ వాళ్ల మామూలు ఆయిలే వెయ్యి బాబూ. ఫిల్టర్ కొత్తది. ఫ్లష్ వద్దు, కోటింగ్ వద్దు. ఖాళీ డబ్బా నాకు కావాలి" అన్నాను.

"డబ్బా ఎందుకు మేడమ్, మొక్కలకా?" అన్నాడు.

వదిన ఇప్పుడు ప్రతి ఆదివారం డిప్‌స్టిక్ ఫొటో తీసి నాకు పంపిస్తుంది. పోయినవారం ఆయిలు పై గీతకి కాస్త కిందుంది. తుడిచిన గుడ్డ మాత్రం మంగళగిరి అంచులా కనిపించింది. ఫోన్ చేసి అడిగితే, "పాత జాకెట్టు గుడ్డేలే" అంది.