రాజీ పెద్దమనుషులు, నోటి పుండు

నిలువుగా మూడు వేళ్లు. నోరు బాగా తెరిస్తే పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య మామూలుగా అంత చోటుంటుంది. ఏళ్ల తరబడి గుట్కా దవడన పెట్టుకున్నవాళ్లలో కొందరికి రెండు వేళ్లు కూడా పట్టవు. బుగ్గ లోపల పీచుకట్టి బిగుసుకుపోతుంది. కారం దోసె ముక్క తగిలితే కళ్లల్లో నీళ్లు. వాళ్లలో కొందరికి ఆ బుగ్గలోనే ఒకరోజు మానని పుండు లేస్తుంది. అది క్యాన్సర్.

ప్రొద్దుటూరులోనైనా పులివెందులలోనైనా చుట్టాలు అడిగే మాట ఒకటే: "జలుబు కూడా ఎరగని మనిషి గదా, ఒళ్లు దీన్నెందుకు ఆపలేకపోయింది?"

ఆపడానికి రాకపోలేదు. కోసి తీసిన గడ్డను సూక్ష్మదర్శిని కింద పెడితే చాలాసార్లు రోగనిరోధక కణాలు గుంపులుగా కనబడతాయి. వచ్చాయి, కానీ కొట్టలేక నిలబడిపోయాయి.

మన పల్లెల్లో గొడవ ముదిరితే పెద్దమనుషులు అడ్డం పడి "ఇంక చాలు, ఇండ్లకు పోండి" అంటారు. ఒంట్లో ఆ పని నియంత్రక టీ కణాలది. షిమోన్ సకగుచి 1995లో వీటిని గుర్తించారు. వీటిని తీర్చిదిద్దే ఫాక్స్‌పీ3 జన్యువును 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ బయటపెట్టారు. ముగ్గురికీ 2025లో వైద్య నోబెల్ దక్కింది. ఆ జన్యువు చెడి పుట్టిన మగపిల్లల్లో రక్షక కణాలు సొంత పేగులనూ చర్మాన్నీ క్లోమాన్నీ కొడతాయి. ఈ పెద్దమనుషులు లేకుండా బతుకు లేదు.

క్యాన్సర్ వీళ్లనే తన వాకిట్లోకి పిలిపించుకుంటుంది. గడ్డ నుంచీ దాని చుట్టూ చేరిన కణాల నుంచీ వెలువడే రసాయనాల జాడ పట్టుకుని నియంత్రక కణాలు వస్తాయి. దాడి చేసే టీ కణాలు పెరగడానికి కావలసిన ఐఎల్-2 అనే రసాయనాన్ని ముందే తాగేస్తాయి. శత్రువు ఆనవాలు చూపి ఉసిగొల్పే డెండ్రైటిక్ కణాల మీది గుర్తులను ఊడబీకుతాయి. వీటికి తోడు ఎముక మజ్జ నుంచి ఎదగని తెల్లకణాలు దిగి, ఆర్జినైన్ అనే పోషకాన్ని ఖాళీ చేస్తాయి. పెన్నలో నీళ్లు పారుతున్నా కాలవకు కట్ట వేస్తే జమ్మలమడుగు చేను ఎండుతుంది. గడ్డలో టీ కణం గతీ అదే.

మరి వీటిని తరిమేస్తే? ఒళ్లు తనను తానే కొట్టుకుంటుంది. పైగా తల, మెడ క్యాన్సర్లలో ఫాక్స్‌పీ3 కణాలు ఎక్కువున్న రోగులే మెరుగ్గా బతికారని చెప్పిన అధ్యయనాలూ ఉన్నాయి. దాడి గట్టిగా జరిగే చోటికే ఆపేవాళ్లూ వస్తారు కాబట్టి, తలలు లెక్కపెట్టి తీర్పు చెప్పలేం.

అందుకే మందులు ఇంకో దారి పట్టాయి. టీ కణం మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. నివోలుమాబ్ దాన్ని వదులు చేస్తుంది. ధర మాత్రం సామాన్యుడికి అందదు. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు, ముదిరిన తల, మెడ క్యాన్సర్ ఉన్న 151 మందితో ఒక పరీక్ష నడిపారు. కొందరికి మాత్రలు మాత్రమే, మిగతావాళ్లకు మాత్రలతోపాటు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చారు. మామూలు మోతాదు రెండు వారాలకు 240. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మొదటి జట్టులో నూటికి 16 మంది, రెండో జట్టులో 43 మంది. నయం కాదు, నెలలు. ఆ నెలల్లో ఒక కూతురి పెళ్లి జరగొచ్చు. పెద్దాసుపత్రికి పోయినప్పుడు ఈ చిన్న మోతాదు గురించి అడగాలి. 2022లో తిరుపతిలో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి కడప జిల్లాకు ముంబై కంటే ఎంతో దగ్గర.

పుండుకు ముందు కొందరికి నోట్లో లేచే తెల్లమచ్చ క్యాన్సర్‌గా ముదిరేకొద్దీ ఈ నియంత్రక కణాలు పెరుగుతాయని పరిశోధకులు చూశారు. మచ్చ దశలో వాటి గుంపు ఇంకా పలచన. కాలేయంలో గడ్డను స్కాన్ లేకుండా చూడలేం. బుగ్గ లోపలి మచ్చకు అద్దం, సెల్‌ఫోను టార్చి చాలు.