చేపల్ని లెక్కపెట్టే ఉద్యోగం



స్టాటిస్టిక్సు చదివిన మా అమ్మాయి మత్స్య పరిశోధనలో చేరతానంటే, దాచేపల్లిలో మా అత్తగారు "చేపల్ని లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనటే?" అని నవ్వారు. నాకూ అనుమానమే. సముద్రంలో చేపల్ని ఎవరు లెక్కపెట్టగలరు?

అన్నిటినీ లెక్కపెట్టక్కర్లేదట! అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడమూ? అయితే ఏ మెతుకు పట్టాలన్నదే విద్య. మిరపకాయల బస్తా కొనేవాడు పైకాయ చూసి బేరమాడడు, అడుగుదాకా చెయ్యి పెడతాడు. అలాగే బాగా చేప పడిన పడవల్నే చూస్తే లెక్క తప్పుతుంది. అందుకే 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు రేవుల్నీ, రోజుల్నీ, పడవల్నీ చీట్లు తీసినట్టు ఎంచుకుని, వాటినిబట్టి తీరమంతటికీ లెక్క కడతారు.

అమెరికాలోని అలాస్కాలో అయితే నది ఒడ్డున మంచెలెక్కి, ఏటికెదురీదే సాల్మన్ చేపల్ని గంటకు 10 నిమిషాలు లెక్కించి, 6తో హెచ్చవేస్తారు. మన గోదావరి పులసలాగే సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి వస్తుంది.

ఇంత లెక్క ఎందుకంటారా? పోయినేడు 10 పడవలు 100 బుట్టలు తెచ్చాయి, ఈ ఏడు 20 పడవలు 120 తెచ్చాయి అనుకోండి. బజారులో చేప పెరిగినట్టే ఉంటుంది. కాని పడవకు 10 బుట్టలు కాస్తా 6 అయ్యాయి! ఆ తరుగుదలను ముందుగా పసిగట్టేది లెక్కల మనిషే. తల్లిచేపల్ని మిగల్చకపోతే రేపు వల ఖాళీయే కదా. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆపేదీ అందుకే.

ఇదంతా విని మా అత్తగారు, "అయితే విత్తనపు గింజలు వండుకు తినెయ్యకుండా కాపలా అన్నమాట. వెళ్ళనీవే పిల్లని!" అన్నారు.