నెత్తురులోని చక్కెరకు నీటిమట్టపు కొలబద్ద

వానలు వెనుకబట్టిన పిదప ఒకనాడు మా కళాశాల విద్యార్థులను వెంటబెట్టుకొని నిజాంసాగరు ఆనకట్ట చూడబోయితిని. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తియైన కట్టడమిది. దీనిని నడిపించినవారు ఆనాటి ప్రఖ్యాత ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. కట్టపై నిలిచి, నీటిమట్టమును ఎట్లు కొలుతురో, ఆ అంకెను బట్టి కాలువకు నీరెంత వదలవలెనో ఎట్లు నిర్ణయింతురో నేను వివరించుచుండగా, వెనుక వరుసలోని ఒక బాలిక ఫోను కీచుమని మ్రోగినది.

“పాఠం చెప్పేటప్పుడు ఫోను ఎందుకమ్మా?” అని విసుగుకొంటిని.

ఆ బాలిక చేతిపై గుడ్డ కొంచెము పైకి జరిపి, భుజము వెనుకవైపు అంటియున్న పెద్ద నాణెమంత తెల్లని బిళ్ళను చూపినది. “సార్, ఇది కూడా మట్టం కొలిచేదే. నా షుగర్ 78 ఉంది, గబగబా దిగుతున్నది” అని, సంచిలోని గ్లూకోజు పొడి నీళ్ళలో కలుపుకొని త్రాగినది. కాసేపటికి ఫోనులోని గీత మరల పైకి లేచినది.

విద్యుద్రసాయన ఘటము బొమ్మను ఏటేట నల్లబల్లపై గీయు నేను, అట్టి ఘటమొకటి నా విద్యార్థిని చేతిపై పనిచేయుచుండగా గుర్తింపలేకపోయితిని. ఆ సిగ్గే ఈ వ్యాసమునకు కారణము. మన ఉన్నత పాఠశాలలలో కూడ ఇట్టి పిల్లలు చదువుచుందురు. వారి చేతిపై బిళ్ళ ఏమి చేయునో, వారు వేసికొను ఇన్సులిను లెక్క ఏమిటో ఉపాధ్యాయులకును తోటి విద్యార్థులకును తెలియవలెను.

నెత్తురు చెరువు

ఆరోగ్యవంతుడైన మానవుని నెత్తురులో, పరగడుపున, ప్రతి 100 మిల్లీలీటరులకు సుమారు 70 నుండి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉండును. పెద్దవాని శరీరములో నెత్తురు 5 లీటరులనుకొన్నచో అందలి గ్లూకోజు మొత్తము 5 గ్రాములకు మించదు. అనగా ఒక టీ చెంచా చక్కెర! ఒక్కపూట అన్నములో దానికి పదింతలు గ్లూకోజు వచ్చి చేరును. అయినను మట్టము అంతగా పెరగదు. ఎందుచేతననగా క్లోమములోని బీటా కణములు ఎప్పటికప్పుడు ఇన్సులినును వదలుచుండును. ఇన్సులిను తూము తలుపు తెరచువాని వంటిది. దాని వలన గ్లూకోజు కండరములలోనికి, కొవ్వు కణములలోనికి పోవును; కాలేయము దానిని నిలువ చేసికొనును. కణములు ఆ గ్లూకోజును దహించి ఏ.టి.పి. అను శక్తి పదార్థమును తయారు చేయును. ఈ ఏ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు.

మొదటి రకపు మధుమేహములో శరీరపు రక్షణ వ్యవస్థయే పొరపాటున బీటా కణములను నాశనము చేయును. ఇది తరచు బాల్యములోనే కనిపించును. ఇన్సులిను బొత్తిగా లేనందున దానిని బయటినుండి ఇయ్యక తప్పదు. రెండవ రకములో ఇన్సులిను ఉన్నను చాలదు, లేక పనిచేయదు. పెద్దలలో అధికముగా కనిపించునది ఇదే. భారత వైద్య పరిశోధన మండలి జరిపించి 2023లో ప్రకటించిన పరిశీలనను బట్టి మన దేశములో మధుమేహము గలవారు 10 కోట్లకు పైగా ఉన్నారు.

మత్తడి దుమికినప్పుడు మాత్రమే తెలిసిన కాలము

చెరువు నిండినప్పుడు మత్తడి దుముకును గదా! నెత్తురులో గ్లూకోజు సుమారు 180 మిల్లీగ్రాములు దాటినచో మూత్రపిండములు దానిని పూర్తిగా వెనుకకు తీసికొనలేవు. అది మూత్రములో పడును. మీరు ప్రయోగశాలలో చేయు బెనెడిక్టు పరీక్ష ఒకప్పుడు మధుమేహ రోగులకు ఇంటి పరీక్షగా ఉండెడిది. నీలి ద్రావణము ఇటుక రంగుకు మారినచో మత్తడి దుమికినట్లు. కాని మత్తడి దుముకనప్పుడు చెరువులో నీరు సగమున్నదా, అడుగంటినదా అన్నది ఆ పరీక్ష చెప్పజాలదు. అపాయమంతయు ఆ అడుగంటుటలోనే ఉన్నది. గ్లూకోజు 70కి దిగినచో చెమట, వణకు, ఆకలి. 54కు దిగువన తికమక. ఇంకను దిగినచో స్పృహ తప్పుట, మూర్ఛ. మెదడుకు ముఖ్యమైన ఇంధనము గ్లూకోజే.

తరువాత వ్రేలి కొనను పొడిచి ఒక్క చుక్క నెత్తురుతో కొలుచు గ్లూకోమీటరు వచ్చినది. ఇది రోజుకు నాలుగుసార్లు కట్టమీదికి పోయి మట్టము చూచి వచ్చుట వంటిది. చూచినప్పటి అంకె సరియైనదే. కాని 110 అను అంకె ఒక్కటే, నీరు పెరుగుచున్నదో తరుగుచున్నదో చెప్పదు. అర్ధరాత్రి కట్టమీద ఎవరును ఉండరు.

బిళ్ళలో ఏమున్నది?

నిరంతర గ్లూకోజు సెన్సారు ఈ కొరతను తీర్చినది. బిళ్ళ అడుగున వెండ్రుక వంటి సన్నని తీగ ఒకటి చర్మము క్రింద అరసెంటీమీటరు లోతువరకు దిగియుండును. అది నెత్తురును తాకదు; కణముల మధ్యనుండు ద్రవమును తాకును. తీగ కొనకు గ్లూకోజ్ ఆక్సిడేజ్ అను ఎంజైము పూయబడియుండును. ఇది గ్లూకోజును మాత్రమే పట్టి ఆక్సీకరణము చేయును. ఆ చర్యలో ఆక్సిజను హైడ్రోజన్ పెరాక్సైడుగా మారును. ఆ పెరాక్సైడు ఎలక్ట్రోడుపై విచ్ఛిన్నమగునపుడు ఎలక్ట్రాన్లు విడుదలయగును. కొన్ని సెన్సారులలో పెరాక్సైడునకు బదులు వేరొక పదార్థము ఎలక్ట్రాన్లను మోసికొని పోవును. ఎట్లయినను గ్లూకోజు ఎక్కువైన కొలది విద్యుత్ప్రవాహము ఎక్కువ. ఆ ప్రవాహమును కొలిచి, అంకెగా మార్చి, బిళ్ళ ఫోనునకు పంపును. ఐదు నిమిషములకొక కొలత చొప్పున రోజుకు 288 కొలతలు! ఎంజైముతో ఎలక్ట్రోడు చేయవచ్చునను ఆలోచనను 1962లో అమెరికాలో లీలాండ్ క్లార్కు, ఛాంప్ లయన్సు ప్రకటించిరి. రోగులకు ఉపయోగించు మొదటి నిరంతర సెన్సారునకు అమెరికాలో అనుమతి వచ్చినది 1999లో.

అంకెతో పాటు ఒక బాణపు గుర్తు కూడ కనిపించును. బాణము అడ్డముగా ఉన్నచో మట్టము నిలకడ. పైకి చూచినచో పెరుగుట. క్రిందికి చూచినచో తరుగుట. 110 పై అడ్డబాణమున్న విద్యార్థి నిశ్చింతగా ఆటలకు పోవచ్చును. అదే 110 పై క్రింది బాణమున్నవాడు మొదట ఏదైన తినవలెను. మా బాలిక 78 దగ్గరనే గ్లూకోజు త్రాగుటకు కారణము ఈ బాణమే.

సెన్సారు పరిమితులు

పెద్ద కాలువలో నీరు వచ్చిన వెంటనే పిల్లకాలువలో రాదు. అట్లే నెత్తురులోని మార్పు కణముల మధ్య ద్రవములో కనిపించుటకు సుమారు 5 నుండి 10 నిమిషములు పట్టును. మట్టము నిలకడగా ఉన్నప్పుడు ఈ జాప్యము వలన చిక్కులేదు. వేగముగా మారునపుడు మాత్రము సెన్సారు చెప్పునది కొంత పాత సంగతి. రాత్రి ఆ చేతిపై ఒత్తిగిలి పరుండినచో అక్కడి ద్రవప్రసారము తగ్గి, లేని పతనమును ఉన్నట్లు చూపవచ్చును. కొన్ని మందులు కూడ కొన్ని రకముల సెన్సారులను తప్పుదారి పట్టించును. నిజాంసాగరులో పూడిక పేరుకొన్నకొలది మట్టమునకు నీరెంతో చెప్పు పట్టికను మార్చవలసివచ్చినట్లు, ఏ కొలబద్దనైనను అప్పుడప్పుడు సరిచూడవలెను. కావున ఒక సూత్రము: ఒంటిలో తోచునది, అంకె చెప్పునది పొసగనప్పుడు వ్రేలి నెత్తురుతో పరీక్షింపవలెను.

ఇన్సులిను లెక్క

ఇక మోతాదు సంగతి. 1922 జనవరిలో టొరాంటో నగరమున ప్రపంచములో మొదటిసారి ఇన్సులిను పొందిన లియొనార్డ్ థాంప్సన్ 14 ఏండ్ల బాలుడు. మన తొమ్మిదవ తరగతి విద్యార్థి వయస్సువాడు. అప్పుడు మందు దొరకుటయే మహాభాగ్యము. నేడు ప్రశ్న వేరు: ఈ పూట ఎంత?

భోజనమునకు ముందు వేయు ఇన్సులిను మోతాదును లెక్కించు సాధనములు ఇప్పుడు ఫోనులలోను, ఇన్సులిను పంపులలోను ఉన్నవి. అందలి గణితము ఏడవ తరగతి విద్యార్థికి కూడ అందునదే. లెక్కకు మూడు భాగములు గలవు.

మొదటిది తిండికి. ఒక యూనిటు ఇన్సులిను ఎన్ని గ్రాముల పిండిపదార్థమునకు సరిపోవునో ఒక నిష్పత్తి ఉండును. రెండవది దిద్దుబాటుకు. ఒక యూనిటు గ్లూకోజును ఎంత దించునో మరియొక సంఖ్య. మూడవది, ఇదివరకు వేసికొన్న ఇన్సులినులో ఇంకను శరీరములో పనిచేయుచున్నది ఎంతయో, దానిని తీసివేయుట.

త్వరగా పనిచేయు ఇన్సులిను వాడువారికి వైద్యులు తొలి అంచనాగా రెండు సూత్రములు వాడుదురు. రోజు మొత్తపు ఇన్సులినుతో 500ను భాగించినచో మొదటి సంఖ్య, 1800ను భాగించినచో రెండవ సంఖ్య వచ్చును. రోజుకు 36 యూనిటులు వాడు ఒక విద్యార్థిని తీసికొందము. 500ను 36తో భాగింపగా సుమారు 14 గ్రాములు. 1800ను 36తో భాగింపగా 50 మిల్లీగ్రాములు. మధ్యాహ్నము అతని పళ్ళెములో 150 గ్రాముల వండిన అన్నమున్నది. వండిన అన్నము 100 గ్రాములలో పిండిపదార్థము సుమారు 28 గ్రాములు గనుక మొత్తము 42 గ్రాములు. దానికి 3 యూనిటులు. సెన్సారు 220 చూపుచున్నది, చేరవలసినది 120. తేడా 100; దానికి 2 యూనిటులు. రెండున్నర గంటల క్రితము వేసికొన్న ఇన్సులినులో ఇంకను 1 యూనిటు పనిచేయుచున్నదని సాధనము లెక్కగట్టినది. 3 + 2 – 1 = 4 యూనిటులు.

ఈ మూడవ భాగమును మరచుటయే పెద్ద పొరపాటు. తూము ఎత్తిన నీరు చివరి ఆయకట్టుకు చేరుటకు రోజులు పట్టును. “నీరింకా రాలేద”ని లష్కరు మాటిమాటికి తూము మరింత ఎత్తుచు పోయినచో ఏమగును? మొదటి నీరు, రెండవ నీరు, మూడవ నీరు ఒక్కసారిగా వచ్చి పొలమును ముంచును. త్వరగా పనిచేయు ఇన్సులిను ప్రభావము కూడ సుమారు నాలుగు గంటలు సాగును. గంటకొకసారి అంకె చూచి “ఇంకా దిగలేద”ని మోతాదుపై మోతాదు వేసికొన్నచో, సాయంత్రమునకు గ్లూకోజు ఒక్కసారిగా అడుగంటును. దారిలో ఉన్న నీటిని లెక్కలో చేర్చుకొనుటయే లెక్కగానికిని, తొందరపాటు మనిషికిని భేదము.

మన ఆయకట్టులో వరి ప్రధానము గనుక బియ్యము సంగతి ఒకటి చెప్పవలెను. రాజేంద్రనగరులో రూపొందిన ‘తెలంగాణ సోనా’ అను ఆర్.ఎన్.ఆర్. 15048 రకము గ్లూకోజును నెమ్మదిగా పెంచునని పేరు పొందినది. నెమ్మదిగా పెంచుట వేరు, తక్కువ పిండిపదార్థముండుట వేరు. గ్రాముల లెక్కలో అదియు అన్నమే. దానిని ఇష్టము వచ్చినంత తినవచ్చుననుకొనుట తప్పు.

సాధనము కూడిక, తీసివేత చేయునే కాని ఆలోచింపదు. పళ్ళెములోని అన్నము 100 గ్రాములని చెప్పి 200 తిన్నచో దానికి తెలియదు. ఆటల పీరియడు ఉన్నదని తెలియదు. జ్వరము వచ్చినదని తెలియదు. అందులోని నిష్పత్తులను వైద్యుడే నిర్ణయింపవలెను, ఎదిగెడి పిల్లలకు మరల మరల మార్చవలెను. ఒకరి సంఖ్యలు మరియొకరికి పనికిరావు. పై లెక్క ఉదాహరణమే కాని ఎవరికిని మోతాదు కాదు. సెన్సారు పదిపదునైదు రోజులకొకటి మార్చవలసియుండును. వేల రూపాయల ఖర్చు గనుక అందరికిని అందదు. అట్టివారు గ్లూకోమీటరు అంకెతోనే ఈ లెక్క చేసికొనవచ్చును. గణితమునకు ఖర్చు లేదు.

ఉపాధ్యాయులు చేయగలిగినది

ఇట్టి పిల్లవాడు తరగతిలో హఠాత్తుగా చెమటపట్టి, తికమకగా జవాబు చెప్పి, బల్లపై తలవాల్చినచో అది సోమరితనమనుకొనరాదు. గ్లూకోజు 70కి దిగువనున్నచో, స్పృహలో నున్నంతవరకు, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇయ్యవలెను. పదునైదు నిమిషముల పిదప మరల కొలువవలెను. పెరగనిచో మరల ఇయ్యవలెను. ఒంటరిగా ఇంటికి పంపరాదు. స్పృహ తప్పినచో నోటిలో ఏమియు పోయక, ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, 108కి ఫోను చేయవలెను. పాఠశాలలో ఫోను కూడదను నియమము మంచిదే. కాని ఆ పిల్లవాని ఫోను అతనికి ఆటవస్తువు కాదు, కొలబద్ద. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2017లోనే మొదటి రకపు మధుమేహము గల విద్యార్థులు పరీక్షగదిలోనికి చక్కెర బిళ్ళలు, పండ్లు, నీరు తెచ్చుకొనుటకు అనుమతించినది. తరగతి గదిలో అనుమతించుటకు మన మనస్సు చాలును.

ఆనాడు కట్ట దిగునప్పుడు ఆ బాలిక తన ఫోనును తోటివారికి చూపినది. పగలంతటి గీత అందులో కొండలు లోయలుగా కనిపించినది. 70కిని 180కిని మధ్య రోజులో నూటికి 70 పాళ్ళకు మించి ఉండవలెనని వైద్యులు చాలమందికి పెట్టు లక్ష్యము. “నిన్న 74 వచ్చింది సార్” అని ఆమె మార్కులు చెప్పినట్లు చెప్పినది. మరునాటి పాఠములో విద్యుద్రసాయన ఘటము బొమ్మ గీయునపుడు, రాగి, జింకు పలకల ప్రక్కనే ఆ చిన్న తీగను కూడ గీచితిని. దానిని వివరించుటకు ఆమెనే బల్ల వద్దకు పిలిచితిని. నాకంటె ఆమెయే బాగుగ చెప్పినది.